కంప్యూటర్‌లో మిగిలిన మాత్రలు

'మందుతోడు' డిజిటల్ పథకం, బెంగళూరు, ప్రాజెక్టు అధికారి గారి సముఖమునకు,

పీణ్య రెండో స్టేజిలో అన్న ఇంట్లో ఉంటూ, గార్మెంట్స్ ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించు పని చేసుకొను అంజినమ్మ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నేను మింగిన మాత్రలను మింగలేదని తమ కంప్యూటర్ తీర్మానించి, లేని మాత్రలు అయిపోయేవరకు కొత్త మాత్రలు ఇవ్వకుండుట గురించి.

తమరు హిందూపురం వైపువారని, తెలుగు చదువుతారని విని ధైర్యం చేసి వ్రాయుచున్నాను. మా నాయన మడకశిర తాలూకాఫీసు మెట్ల పక్కన కూర్చొని ఊళ్ళవాళ్ళకు అర్జీలు వ్రాసిపెట్టేవాడు. కార్బన్ కాగితం అందించే పని నాది. ఈ భాషలో వ్రాస్తే అధికారులకు కోపం రాదని ఆయన చెప్పేవాడు. చదువుతారని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

1. నాకు హెచ్‌ఐవీ కలదు. చనిపోయిన నా భర్త వలన వచ్చినది. రోజుకు ఒక మాత్ర చొప్పున, జ్వరమొచ్చినా పండగొచ్చినా తప్పకుండా వేసుకొనుచూ వచ్చితిని. ఈ సంవత్సరం తమ పథకం వారు నాకు ఒక తెల్ల పెట్టె ఇచ్చి, నెల మాత్రలు అందులో పోసుకోవలెనని చెప్పినారు. పెట్టె మూత తీసిన ప్రతిసారీ తమ కంప్యూటర్‌కు కబురు పోవును. మూత తీస్తే ఒక మాత్ర మింగినట్టు, తీయకపోతే మింగనట్టు. నేను మందు మరచిపోయే మనిషిని కానని, ఈ పెట్టె నాకు అక్కరలేదని విన్నవించితిని. అందరికీ ఇస్తున్నాము, తీసుకోవలసిందే అన్నారు.

2. అయ్యా, ఆ పెట్టెను నేను ఎక్కడ తెరవవలెను? మా అన్న సొన్నప్పది ఒకటే గది ఇల్లు. అందులో అన్న, వదిన చౌడమ్మ, నేను, నా కూతురు సహన. నా జబ్బు సంగతి అప్పటికి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీకి తీసుకుపోదామంటే గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మ బ్యాగులో ఉన్న ప్రతి వస్తువూ బయటికి తీసి చూస్తుంది. అందువలన పెట్టెను ట్రంకులో చీరల అడుగున పెట్టితిని. ఆదివారం ఇంట్లోవాళ్ళు బజారుకు పోగానే మూత తీసి, ఆ వారానికి కావలసిన మాత్రలన్నీ ఒకేసారి తీసుకొని, ఫ్యాక్టరీ గుడ్డ ముక్కలో చుట్టి, రవికలో పెట్టుకొనే చిన్న పర్సులో దాచుకొనేదాన్ని. మధ్యాహ్నం అన్నం తిన్నాక, చేయి కడుక్కొనే చోట, రోజుకొకటి మింగేదాన్ని. ఫ్యాక్టరీలో మా లైనులో ఈ మందు వేసుకొనేవాళ్ళందరూ ఇట్లాగే వేసుకొంటారు. మీ పెట్టె చేసినవాళ్ళకు రవికలో పర్సు ఉంటుందని తెలియదు.

వారానికి ఒకసారి మూత తీసినాను కాబట్టి వారానికి ఒక మాత్ర మింగినట్టు కంప్యూటర్ వ్రాసుకొన్నది.

3. పేరు ఎక్కించేటప్పుడు రెండో ఫోన్ నంబరు లేకపోతే మీ యాప్ ముందుకు కదలలేదు. తోడుగా ఎవరిదైనా ఒకటి చెప్పండి, ఊరికే పేరుకు అని కౌన్సెలర్ అన్నది. నాకు నోటికి వచ్చిన నంబరు మా అన్నది ఒకటే. ఊరికే పేరుకు తీసుకొన్న ఆ నంబరుకు నెలాఖరున మీ కంప్యూటర్ తెలుగులో, తప్పులు లేకుండా ఒక మెసేజ్ పంపినది: "మీ ఆప్తురాలు అంజినమ్మ హెచ్‌ఐవీ మందు సరిగా వేసుకోవడం లేదు. ప్రేమగా గుర్తు చేయండి."

ప్రేమగానే గుర్తు చేసినారు. మా వదిన నేను అన్నం తినే తట్ట, నీళ్ళ లోటా తీసి బయట నీళ్ళ డ్రమ్ము పక్కన పెట్టినది. సహనను నా పక్కన పడుకోనివ్వలేదు. మా అన్న మీ యాప్‌ను తన ఫోన్‌లో వేయించుకొని, నాతో ఇట్లా అన్నాడు:

"దినామూ ఇందులో పచ్చగా కనపడితే ఈ ఇంట్లో ఉండు. ఎర్రగా అయిందంటే నీ దోవ నువ్వు చూసుకో. పాప మాత్రం ఈడనే ఉంటాది."

4. నెల సీసా అయిపోయి మందుల కేంద్రానికి పోతే, అక్కడ కంప్యూటర్ చూసే హరీశ్ గారు సీసా ఇవ్వలేదు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు వ్రాయుచున్నాను.

"నీ దగ్గర ఇంకా చానా మాత్రలు మిగిలినట్టు చూపిస్తా ఉండాది కదమ్మా. అవి అయిపోకుండా కొత్తవి ఎట్ల ఇచ్చేది?"

"అయిపోయినాయప్పా. మింగేసినాను."

"కంప్యూటర్‌లో ఉండాయి."

"కంప్యూటర్‌లో ఉండేవి నేను మింగేదానికి అవుతుందా?"

ఆయన నవ్వలేదు. నేను నా రక్తపరీక్ష రిపోర్టు తీసి చూపించితిని. అందులో క్రిమి కనపడలేదని అచ్చులో ఉన్నది. మందు వేసుకోనిదాని రక్తంలో క్రిమి ఎట్లా కనపడకుండా పోతుందని అడిగితిని. రిపోర్టు వేరే, సిస్టమ్ వేరే అన్నారు. ఇంకో కేంద్రానికి పోతే అక్కడా ఇదే లెక్క కనిపించినది. మందుల అంగడిలో అడిగితే ఈ మాత్ర తమ దగ్గర ఉండదన్నారు.

5. పెట్టె కంపెనీ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉన్నదని తెలిసి ఫోన్ చేసితిని. శ్రీజ అనే అమ్మాయి మాట్లాడినది. చాలా మర్యాద గల పిల్ల.

"మేడమ్, ఒక ఓపెనింగ్ అంటే ఒక డోస్ అని సిస్టమ్ కౌంట్ చేస్తుందండీ, అదీ రోజుకు ఒక్కటే. మాన్యువల్‌గా మేం చేంజ్ చేయలేం. మీరు డైలీ ఒకసారి ఓపెన్ చేస్తూ ఉండండి, స్టాక్ ఆటోమేటిక్‌గా జీరో అయిపోతుంది. అప్పుడు రీఫిల్ ఇస్తారు."

"పెట్టెలో ఏమీ లేదు తల్లీ."

"పర్లేదండీ. ఓపెన్ చేస్తే చాలు."

ఆ పిల్ల చెప్పినట్టే చేయుచున్నాను. రోజూ సాయంత్రం మా అన్న, వదిన, సహన ముందర ఖాళీ పెట్టె మూత తీసి, వేళ్ళతో ఏమో తీసినట్టు తీసి, నోట్లో వేసుకొని నీళ్ళు తాగుచున్నాను. అన్న ఫోన్‌లో పచ్చ గుర్తు పడును. "ఇప్పుడు బుద్ధొచ్చింది దీనికి" అని మా వదిన అనును. ఖాళీ అని చెప్తే మాత్రలు పారబోసినానంటారు. నన్ను బయటికి పంపి పాపను ఉంచుకొంటారు. నా కూతురు అయితే నేను నీళ్ళు మింగిన ప్రతిసారీ సంతోషంగా చూస్తుంది, అమ్మ బాగవుతుందని. దాని ముఖం చూడలేక నేను తల పక్కకు తిప్పుకొంటాను.

6. మొన్న మీ కంప్యూటర్ నాకు అభినందనలు పంపినది. మందు మింగినన్నాళ్ళు దొంగను. మానేసిన తర్వాత ఆదర్శ రోగిని. మీ కార్యక్రమానికి వచ్చి పెట్టె చేతిలో పట్టుకొని ఫొటో దిగవలెనట. ముఖం కనపడకుండా చూసుకొంటారట. ఇల్లంతా తెలిసిపోయినాక నా ముఖం దాచి ఎవరిని కాపాడుతారో తెలియదు.

కావున తమరు దయతో విచారించి, నా కంప్యూటర్ లెక్కను కొట్టివేయించి, ఒక సీసా మాత్రలు ఇప్పించవలెనని, మా అన్న నంబరును యాప్ నుండి తీసివేయించవలెనని కోరుచున్నాను. ఇతరములేవీ అడుగను. ఇందులో కఠినముగా తోచిన మాటలను మందు లేక దిక్కు తోచని మనిషి మాటలుగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అంజినమ్మ

తా.క.: అప్పా, పైన ఒక మాట అబద్ధం రాసినాను. మానేసినానన్నాను కదా, పూర్తిగా మానలేదు. మా లైనులోనే ఫర్హానా అని ఒక పిల్ల ఉండాది. దానికీ ఇదే జబ్బు. దానికి మీ పెట్టె ఇయ్యలేదు, ఉత్త సీసా ఇచ్చినారు. నా సంగతి తెలిసి, "అక్కా, ఒక దినం నువ్వు, ఒక దినం నేను" అని తన మాత్రలు నాకు పంచుతా ఉండాది. దానికి ఎనిమిదో నెల. తల్లి ఒక్క దినం కూడా మందు తప్పితే బిడ్డకు మంచిది కాదని నర్సమ్మ చెప్పినప్పుడు నేను దాని పక్కనే నిలబడి ఉంటిని. తెలిసి తెలిసి చేయి చాచినాను. నాకు సహన ఉండాది అనుకొన్నాను. దాని కడుపులో ఉండేది ఇంకా ఎవరూ కాదు అనుకొన్నాను. అట్లా అనుకొన్నందుకు నన్ను చెప్పుతో కొట్టినా తప్పు లేదు. సీసా ఇస్తే ముందు దానికిస్తాను, నాకు తర్వాత ఇచ్చినా సరే. నేను వద్దన్నా అది వినదు, నేను కూడా గట్టిగా వద్దనడం లేదు. ఈ పొద్దు దాని వంతు. నాకు జ్వరంగా ఉండాదని నా చేతిలో పెట్టింది. మింగినాను.