మొన లేని చాకు

నాయనా,

ఈరోజు నీ మనవరాలు సుమ చావు తప్పించుకుంది. ఆ మాట ముందు నీకే చెప్పాలనిపించింది.

బత్తలపల్లె దాటాక, నా వెనక కూర్చున్న సుమ చున్నీ స్కూటీ చక్రంలో చుట్టుకుంది. బండి ఆపేసరికి మెడకు బిగుసుకుపోయింది, దాని కింద వేలు కూడా దూరలేదు. రొండిన దోపుకున్న నీ చాకు తీశాను. పాత రంపం ముక్కను కొలిమిలో సాగదీసి, పిడికి నూలు చుట్టి నువ్వు చేసిన చాకు అది. రొండిన ఉన్నా బరువే తెలియదు. నువ్వు పోయాక కూడా నెలకోసారి తప్పకుండా నూరుతున్నాను.

పశువుల దగ్గర పనికొస్తుందని నువ్వది ఇచ్చిన రోజు నీతో పోట్లాడాను. “ఏంది నాయనా, మొన పెట్టేది మర్చిపోయినావా?”

“మర్చిపోలేదు లేమ్మా. మెడకు పలుపు బిగిసిన దూడ ఊరికే ఉంటాదా? తన్నుకుంటాది. మొన ఉంటే యాడ దిగుతాదో!” అన్నావు.

సుమ కూడా అలాగే తన్నుకుంది. చాకు గుండ్రటి కొసను చున్నీ కిందికి దూర్చి, బయటివైపు కోశాను. మెడమీద చాకు గీత ఒక్కటీ పడలేదు.

ఆసుపత్రిలో చూసి భయం లేదన్నారు. ఇంటికొచ్చి నీళ్లు తాగగానే నామీద విరుచుకుపడింది. “ఏమ్మా, కొత్త చున్నీ! రెండు ముక్కలు చేసినావు కదా!”

“ఇంకా తిట్టు” అన్నాను. తిడుతూనే ఉంది.