భుజానికి తగ్గ నంబరు

పెల్టో మూల, మిషిగన్
1986 అక్టోబరు 12, ఆదివారం

అమ్మాయి ఐలీకి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా తింటున్నాం, తిరుగుతున్నాం, పోట్లాడుకుంటున్నాం. అంటే బాగున్నట్టే. అక్కడ అరిజోనా ఎండలో నువ్వూ అల్లుడూ పిల్లలూ క్షేమమని తలుస్తాను.

చేతిరాత చూసి కంగారు పడకు. మీ అమ్మకేమీ కాలేదు. ఎప్పుడూ ఉత్తరం ఆమె రాస్తే చివర్లో నేను పేరు గీకేవాణ్ణి. ఈసారి అమ్మాయి అడిగింది నిన్ను కాబట్టి నువ్వే రాయాలని కాగితం నా ముందు పడేసి పోయింది. నేను బడి మానేసి కలప నరకడానికి పోయేనాటికి నాకు పదమూడేళ్ళు. నా అక్షరాలు నరికి పడేసిన దుంగల్లా అటొకటి ఇటొకటి ఉంటాయి. దాటుకుంటూ చదువుకో.

ముందు నువ్వడిగిన చిన్న సంగతులు. అమ్మ మోకాలు మెట్ల దగ్గరే మొరాయిస్తోంది, చదునున్న చోట నాకంటే వేగంగానే నడుస్తుంది. నా కుడి కంటి పొర ఏప్రిల్‌లో తీయించాను. ఇప్పుడు దూరంగా కొమ్మ మీద ఉడుత మీసం కూడా కనిపిస్తుంది, అందుకని ఈ ఉత్తరంలో నేను దేన్నీ కంటి మీదకు నెట్టను. మన వేట క్యాంపు వైనో మామ బతికే ఉన్నాడా అని అడిగావట, ఆ మాట వాడికి చెప్పాను. "చచ్చినా నవంబరు పదిహేను వెళ్ళాకే చస్తానని రాయి" అన్నాడు. జింకల వేట మొదలయ్యే రోజును వాడు తన పుట్టినరోజు కంటే బాగా గుర్తుంచుకుంటాడు.

ఇక పెద్ద ప్రశ్న. నవంబరులో రెండు వారాలు సెలవు పెట్టి వస్తున్నానని రాశావు. క్యాంపులో వంట చేయడానికి కాదు, వేటాడటానికి అని రాసి దాని కింద గీత కూడా గీశావు. తుపాకి ఏ నంబరుది, అంటే ఏ కొలత తూటాది, కొనమంటావు అని అడిగావు. కొట్టువాడు మూడు వందల మాగ్నం కొనమన్నాడని, అల్లుడి స్నేహితుడు రెండు-డెబ్భై అన్నాడని రాశావు. "నువ్వు ముప్ఫై-సున్నా-ఆరు తప్ప వేరే మాట అనవని తెలుసు, అయినా అడుగుతున్నాను" అని కూడా రాశావు. ఆ చివరి మాట దగ్గరే మూడు వారాలు ఆగిపోయాను. జవాబు ఆలస్యమైంది అందుకే.

నువ్వు రాసింది నిజమే. మన క్యాంపులో మనిషిని పేరుతో కాకుండా నంబరుతో తూచేవాళ్ళం. ముప్ఫై-సున్నా-ఆరు, మన నోట ఉట్టి ఆరు, పట్టుకున్నవాడు మగాడు. ముప్ఫై-ముప్ఫై పట్టుకున్నవాడు ముసలాడు. అన్నిట్లో చిన్నది, రెండు-నలభై-మూడు, పట్టుకున్నవాడు ఎవడింటి అల్లుడో అయ్యుంటాడు. వైనో అల్లుడు ఒక ఏడు అదే తెచ్చాడు. దాని తూటా వేళ్ళతో పట్టుకుని, "ఇది జింకకు జలుబు మందా?" అని అడిగాను. ఆ పిల్లాడు ఆ వారమంతా తుపాకి సంచిలోంచి తీసేటప్పుడు అటూ ఇటూ చూసి తీశాడు.

అడిగావు గనక తెలిసింది తెలిసినట్టు చెబుతాను. మన దేవదారు చిత్తడిలో అరవై అడుగులు దాటి చూపు పోదు, చూపు పోని చోటికి గుండు ఎందుకు? మాగ్నం కొండ మీద నుంచి కొండ మీదకు కాల్చేవాళ్ళకు. ఆ కొట్టువాడు చిత్తడి ఎప్పుడూ చూసి ఉండడు. రెండు-డెబ్భై మంచిదే, దూరం పోతుంది, మనకు అంత దూరం లేదు. మూడు-సున్నా-ఎనిమిది పొట్టి తూటా, కానీ పేలినప్పుడు భుజాన్ని తన్నడంలో ఆరుకు తమ్ముడే. ముప్ఫై-ముప్ఫై మన అడవి కోసమే పుట్టినట్టు ఉంటుంది. రెండు-నలభై-మూడులో నూరు గ్రెయిన్ల బరువున్న గుండు వేసి ముందుకాలి వెనక, ఒంట్లో మూడోవంతు ఎత్తులో పెడితే ఎంత పెద్ద జింకైనా నూరడుగులు పోదు. పొట్టలో పెడితే మాగ్నంతో కొట్టినా రోజంతా పోతుంది.

ఆ చివరిది నేను ఎవరి దగ్గరో విని రాయలేదు. నిరుడు నవంబరు పదిహేడున నేనే పొట్టలో కొట్టాను.

కొమ్ములకు పది కొనలున్న జింక. యాభై అడుగులు. అడ్డంగా నిలబడి ఉంది. ఆరుతో కాల్చాను. అది వీపు వంచి ఎగిరిన తీరు చూడగానే తెలిసిపోయింది. చీకటిదాకా నెత్తురు వెంట పోయాను. మర్నాడు కూడా పోయాను. ఏటి ఒడ్డున ఆనవాలు పోయింది. ఆ జింక ఎక్కడో రెండు రోజులు తన్నుకుని చచ్చుంటుంది. క్యాంపులో కాల్పు వినబడిందే అని అడిగితే, తుపాకి మీది దుర్బీను సరిగా ఉందో లేదో చూసుకుందామని మోడును కాల్చానన్నాను. అందరూ నమ్మారు. ఈ ఊర్హో గురి తప్పడు గదా. గురి తప్పితే చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ ఏడాదీ రాసి గోడకు మేకు కొట్టడం మన రివాజు. నలభై ఒక్క ఏళ్ళలో ఆ గోడ మీద నా గుడ్డ పేలిక ఒక్కటి లేదు. దాని మీద నాకు ఎంత పొగరో నీకు తెలుసు.

ఎందుకు తప్పిందో తెలియక ఈ వేసవంతా కంకర గొయ్యిలో అట్టముక్క మీద కాలుస్తూనే ఉన్నాను. గుళ్ళు కోళ్ళ దొడ్లో గింజల్లా చెల్లాచెదురుగా పడేవి. దుర్బీను మార్చాను. తూటాలు మార్చాను. మీ అమ్మ బండిలో కూర్చుని మేజోడు అల్లుతూ ఇదంతా చూస్తోంది. ఒక రోజు దిగి వచ్చి తుపాకి అడిగింది. తూటా తనే పెట్టి ఇస్తానంది. వీపు నాకు పెట్టి, గడియ లాగి, మూసి, ఇచ్చింది. నేను గురి పెట్టాను, మీట నొక్కాను. టక్కుమంది. అంతే. లోపల తూటా లేదు. కానీ తుపాకి మూతి కోడి ముక్కుతో పొడిచినట్టు జానెడు కిందికి పోయింది.

"తూటా పెట్టడం మరిచిపోయావు" అన్నాను.

"మరిచిపోలేదు ముసలాయనా. పేలని తుపాకికే ఇంత ఉలిక్కిపడుతున్నావు, పేలేదానికి ఇంకెంత?"

మళ్ళీ పెట్టమన్నాను. ఆరుసార్లు ఇచ్చింది. రెండింట్లోనే తూటా ఉంది. ఏది ఏదో ఆవిడ మొహం చూస్తే తెలియదు, పేకాటలో కూడా అంతే. ఖాళీగా ఇచ్చిన నాలుగుసార్లూ మూతి కిందికే పోయింది. నలభై ఏళ్ళు ఆ ఆరు నంబరు నా భుజాన్ని తన్నింది. కండ ఉన్నన్నాళ్ళు కండను తింది, ఇప్పుడు ఎముకను తింటోంది. నేను భయపడటం లేదనే అనుకుంటున్నాను, నా ఒళ్ళు నన్ను అడక్కుండానే భయపడుతోంది.

పోయిన శనివారం క్యాంపుకు కట్టెలు కొట్టడానికి అందరం వెళ్ళాం. మధ్యాహ్నం కాఫీల దగ్గర లేచి నిలబడి చెప్పేశాను. మోడు కాదు, జింక అని. తప్పలేదు, పొట్టలో తగిలి పోగొట్టుకున్నానని. తరవాత పంచాయితీ మొదలైంది. తప్పితే చొక్కా అంచు, సరే. తగిలి పోతే? ఇన్నేళ్ళలో ఎవడూ ఒప్పుకోలేదు గనక దానికి రివాజే లేదు. వైనో గడ్డం గోక్కున్నాడు.

"తప్పితే అంచు గదరా ఊర్హో. ఇది దానికంటే పెద్దది. మొత్తం విప్పు."

విప్పి ఇచ్చాను. కత్తెర అక్కర్లేదన్నారు. చొక్కా చేతులు రెండూ చాపి నాలుగు మేకులు కొట్టారు. గోడ మీద ఎవడో చేతులెత్తి లొంగిపోయినట్టుంది. లోపలి బనీనుతో, దాని మీద కోటుతో ఇంటికొచ్చాను. మీ అమ్మ గుమ్మంలోనే కోటు తెరిచి చూసి తాగావా అంది. లేదు, చెప్పానన్నాను. పొయ్యి మీద సూపు పెట్టి, గూట్లోంచి ఈ కాగితం తీసింది.

నువ్వొస్తున్నావని కూడా ఆ రోజే చెప్పాను. ఆడమనిషి ఉంటే గుడిసెలో ఎలా మాట్లాడుకోవాలిరా అని వైనో అడిగాడు. నోరు మూసుకుని మాట్లాడుకోండి అన్నాను. అక్కడితో అది అయిపోయింది. పొయ్యి పక్కన కింది పరుపు నీది. అది నాదే, నేను పైకి ఎక్కుతాను.

ఇంతవరకూ రాయడం సులువే. ఇప్పుడు రాసేది కాదు.

కంకర గొయ్యిలో తుపాకి మూతి కిందికి పోవడం చూసిన క్షణంలో నాకు ఎవరు గుర్తొచ్చారో తెలుసా? పద్నాలుగేళ్ళ నువ్వు. అదే గొయ్యి. 1959. ముప్ఫై-ముప్ఫై ఇవ్వమని మీ అమ్మ చెప్పింది. వైనో అరువిస్తానన్నాడు కూడా. నేను ఆరే ఇచ్చాను. మొదటి దెబ్బకే దుర్బీను అంచు నీ కనుబొమ మీద తగిలి చీరింది. మూడు కుట్లు పడ్డాయి. కుట్లు మానకముందే మళ్ళీ అదే తుపాకి ఇచ్చాను. ఆ తరవాత మీట నొక్కే ముందు నువ్వు కళ్ళు మూసుకోవడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. పదిహేనో తారీఖున నలభై అడుగుల్లో జింక నిలబడింది, నువ్వు కళ్ళు మూసుకున్నావు, గుండు చెట్టుకు తగిలింది. మీ అవ్వ కుట్టిన ఎర్రగళ్ళ చొక్కా, పదకొండు మంది మగాళ్ళ ముందు, నా చేత్తో కత్తిరించాను. అందరూ నవ్వారు. అందరూ నవ్వారని నువ్వూ నవ్వావు. మరుసటేడు రానన్నావు. ఎందుకని నేను అడగలేదు. ఆడపిల్లకు ఓపిక లేదని క్యాంపులో చెప్పి కాఫీ పోసుకున్నాను.

ఐలీ, ఆ రోజు నీ తప్పు రవ్వంత లేదు. ఆ నంబరు నీ భుజం చూసి ఎంచింది కాదు. ఊర్హో కూతురు ఆరుతో కాలుస్తుంది అని ముందు ఏడే క్యాంపులో పందెంలా చెప్పుకున్నాను, ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎంచింది. జింక కోసం కూడా కాదు. ఇరవై ఏడేళ్ళు దీన్ని నీ పిరికితనం అనే పిలిచాను. అది పిరికితనం కాదు, భుజం చెప్పే మాట అని నాకు తెలియడానికి నా భుజమే చెప్పాల్సి వచ్చింది.

క్షమించమని రాయడం నాకు చేతకాదు. చేతనైనది చెబుతాను.

ఆరును గోడకెక్కించాను. అరవై ఎనిమిదేళ్ళ వయసులో కొట్టుకు వెళ్ళి రెండు-నలభై-మూడు అడిగాను. మనవడికా అని అడిగాడు కొట్టువాడు. నాకే అన్నాను. వాడు నవ్వబోయి నా మొహం చూసి మానుకున్నాడు. వైనో అల్లుడింటికి కూడా వెళ్ళాను, జలుబు మందు మాట వెనక్కి తీసుకున్నానని చెప్పి తూటాల పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి వచ్చాను. రోజూ పొద్దున కాఫీకి ముందే ఖాళీ తుపాకి పట్టుకుని, గొట్టం మీద కాల్చిన తూటా ఖాళీ డొల్ల నిలబెట్టి, అది పడిపోకుండా మీట నొక్కడం నేర్చుకుంటున్నాను. పక్కన కూర్చుని పడ్డవి లెక్కపెట్టేది మీ అమ్మే. వరసగా పదిసార్లు పడకూడదని పెట్టుకున్నాను. నిన్నటికి ఏడు. నవంబరు పద్నాలుగో తారీఖు సాయంత్రానికి పది రాకపోతే తూటాలు ఇంట్లో పెట్టి తాడు పట్టుకుని వస్తాను, నువ్వు కొట్టిన జింకను ఈడ్చుకు రావడానికి ఒక మనిషి కావాలి గదా. పది వస్తే నా చోట నేను కూర్చుంటాను. రెండింట్లో ఏదైనా పదిహేనున అడవిలోనే ఉంటాను.

ఇక నువ్వు ఏది కొనాలి? కొట్టువాడి మాట వద్దు, అల్లుడి స్నేహితుడి మాట వద్దు, నా మాట అసలే వద్దు. ఎవరి తుపాకి అయినా అడిగి పట్టుకో. ఒక్కో నంబరుతో ఇరవై కాల్చు. పక్కనెవరినైనా పెట్టుకుని, నీకు చెప్పకుండా మధ్యమధ్య ఖాళీది ఇమ్మను. దేనికి మూతి కదలదో, దేనికి కళ్ళు తెరిచే ఉంటాయో అది నీ నంబరు. అది ఎంత చిన్నదైనా సరే. మాగ్నమే అయినా సరే, నీ భుజం సంగతి నాకేం తెలుసు, ఇరవై ఏడేళ్ళుగా చూడలేదు.

నువ్వు దిగే ఊరూ వేళా అమ్మకు రాయి, బండి తెస్తాం. లోపల ఊలు బట్టలు తెచ్చుకో, అక్కడి కోట్లు ఇక్కడ చొక్కాలకు కూడా పనికిరావు. ఏ నంబరు కొన్నావో మాత్రం ఉత్తరంలో రాయకు. తెచ్చి చూపించు.

ఇట్లు,
ఇంకా గురి నేర్చుకుంటున్న
మీ నాన్న
ఊర్హో