కుడి భుజం మీద బొబ్బ

ఏప్రిల్ 4
పలమనేరు పాల ట్రిప్పు అవగానే నేరుగా రఫీ భాయ్ దగ్గరికి. కుడి భుజానికి కప్పింగ్. గాలి లాగేసి తోలుకి పట్టించే కప్పులు, మూడు. పట్టేసిన నరం వదులుతుంటే ఎంత హాయో! ఇక తీసేస్తానన్నాడు భాయ్. నేను తీయనిస్తేగా. "తోలు పొంగుతాదప్పా..." పొంగనీ అన్నాను, మహా తెలిసినట్టు.

ఏప్రిల్ 5
పొంగింది. రెండు చోట్ల వంకాయ రంగు మచ్చలే. మూడో చోట నీటి బొబ్బ. భాయ్ ఫోన్‌లో — "గిల్లొద్దు. ఏమీ పుయ్యొద్దు. పైన గుడ్డ కప్పు, సాలు."
మచ్చలు చూసి అమ్మ — "ఎవురు కొట్టినార్రా?"

ఏప్రిల్ 6
కమిలితే మా ఇంట్లో పసుపూ సున్నమే. బెణికినా అదే, వాచినా అదే. మచ్చల వరకే పెడతానంది అమ్మ. సరే అన్నాను. బొబ్బ మీద కూడా దట్టంగా పట్టించింది. భగ్గుమంది. కడిగేసరికి తోలు ఊడొచ్చింది. అమ్మ మీద అరిచాను. "కమిలిన దానికి ఇంగేం పెడతార్రా?" అని ఏడ్చింది.

ఏప్రిల్ 7
ఆసుపత్రి. నర్సమ్మ కడిగి, వాసెలిన్ రాసి, అంటుకోని గుడ్డ పెట్టి కట్టు కట్టింది. రోజూ మార్చాలి. చీము పట్టినా, ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి. "దాని మీద బరువు పెట్టొద్దు. తెలిసిందా?"
తెలిసిందన్నాను. వచ్చే వారం మా గుడి గరుడ వాహనం మొయ్యాల్సిన సంగతి చెప్పలేదు. ముందు కొయ్య, కుడి భుజం... నాయన చోటు. ఆయన పోయినప్పటి నుంచి నాది.

ఏప్రిల్ 9
వ్యాను సీటు బెల్టు సరిగ్గా పుండు మీదే! చేతిగుడ్డ మడిచి కింద పెట్టుకుని నడిపాను.

ఏప్రిల్ 12
చీము లేదు. మచ్చలు పచ్చబడుతున్నాయి. పుండు అంచుల్లో కొత్త తోలు. దురద చంపుతోంది.
మునిరత్నం వచ్చాడు. అదే కొయ్యకి ఎడమ భుజం పెట్టేది ఆయనే. కట్టు చూశాడు. "నువ్వు రాకపోతే ఇంగొకర్ని పెడతారప్పా. ఒకతూరి చోటు పోతే మల్లా రాదు."
తెలుసు. భయంగా ఉంది. నాయన చోటు నా వల్ల పోతుందేమోనని.

ఏప్రిల్ 14
వాహనం సంగతి నర్సమ్మకి చెప్పేశాను. "కొత్త తోలు. కొయ్య రుద్దుకుంటే మల్లా లేసిపోతాది. ఆపైన మీ ఇష్టం."

ఏప్రిల్ 15
గరుడ వాహనం ఈ సాయంత్రమే.
అమ్మే కట్టు మార్చింది. చేతులు సబ్బుతో కడుక్కుని, నర్సమ్మ చెప్పినట్టే. తర్వాత నాయన కండువా తెచ్చింది. మందంగా మడిచి ఎడమ భుజం మీద వేసింది.
"ఈ ఏడు ఈ పక్క మొయ్యి."
ఈ పక్క మునిరత్నానిది. చోటు మారమని వాహనం మోసేవాళ్ళు ఎవరూ ఎవర్నీ అడగరు. నాయన కూడా అడగలేదు.
మేళం మొదలైంది. పోయి మునిరత్నాన్ని అడగాలి...