రెండో రికార్డు

చిన్నీ,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి అందరం క్షేమమని కూడా రాసుకోవచ్చు. నువ్వు వేళకి తింటున్నావని అనుకుంటాను. తినవని తెలిసే అనుకుంటాను.

నీ ఉత్తరమూ, అట్టముక్కల మధ్య భద్రంగా పెట్టి పంపిన ఒకేలాంటి రెండు రికార్డులూ అందాయి. జవాబు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. నాలుగుసార్లు మొదలుపెట్టాను, నాలుగుసార్లూ చింపేశాను. ముందు నువ్వు అడిగినవాటికి చెబుతాను. అలాగైనా నా చెయ్యి దారిలో పడుతుందేమో.

మోకాలు నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం సణుగుతుంది. ఆసుపత్రిలో ఇంకా దుప్పట్ల గదిలోనే ఉన్నాను. కొత్త ఉతికే యంత్రం వచ్చింది. మొదలుపెడితే లారీ గేరు మార్చినట్టు అరుస్తుంది. మా ఇస్త్రీ ఆవిడ దానికి సూపర్‌వైజరు పేరే పెట్టింది. ఆయన గదిలోకి వచ్చినప్పుడల్లా మేమిద్దరం నవ్వాపుకోలేక చస్తున్నాం. కళ్ళు పరీక్ష చేయించుకున్నాను. ఇంకేం అడిగావు? మెట్ల దగ్గర దీపం. అది ఇంకా వెలగడం లేదు.

పాటల కంపెనీ వదిలేశానని రాశావు. ఇక ఏ వీడియోలోనూ ముక్కూ మొహం తెలియని మగాడి కళ్ళలోకి చూస్తూ పాడననీ, నీ గదిలో నువ్వే పాడి, నీ చేత్తో నువ్వే ఈ రికార్డు వేసుకున్నావనీ రాశావు. తొమ్మిదేళ్ళు కంపెనీకి పాడావు తల్లీ. ఆ పాటలన్నీ నాకు నోటికి వచ్చు. వాటిలో ఏ ఒక్కదాంట్లోనూ నువ్వు లేవని కూడా తెలుసు. తెలిసీ సంతోషించాను. ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను, తర్వాత రాసేదానికి ఇది పనికొస్తుంది.

నా దగ్గర రికార్డు పెట్టే యంత్రం లేదని నీకు తెలుసు. కింద వాటాలో బ్యాండు మాస్టారి దగ్గర ఉంది. ఆదివారం పొద్దున్న తీసుకువెళ్ళాను. అట్ట మీద బొమ్మ చూసి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తడి జుట్టుతో నువ్వు, నీ భుజం మీద గోళ్ళు పొట్టిగా కత్తిరించిన ఆడ చెయ్యి.

“ఫొటో బాగా తీశారమ్మా” అన్నాడు పాపం.

మొదటి రెండు పాటలకీ కుర్చీ చేతి మీద తాళం వేశాడు. మూడో పాట వచ్చింది. ఈదొచ్చిన ఆమె వీపు మీద నీటిబొట్లని ఆరకముందే పెదవులతో ఏరుకున్నానని నువ్వు పాడుతున్నావు. గొంతులో తొందర లేదు, దాపరికం లేదు. మాస్టారు లేచి కిటికీలో కుండీలకి నీళ్ళు పోశాడు. నేను వచ్చేటప్పటికే వాటికి నీళ్ళు పోసి ఉన్నాయి. నేల మీదికి కారాయి. నేను నా గాజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

సిగ్గేసిందా అమ్మా అని అడిగావు. వేసింది. కూతురి ఒంటి సంతోషం వింటే ఏ తల్లికైనా వేస్తుంది. కానీ పాట ఆపమని చెప్పలేకపోయాను. నువ్వు అంత హాయిగా ఉన్న గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

చివరి పాటలో వాయిద్యాలేవీ లేవు. నీ ఊపిరి, నీ గొంతు. ‘ఎక్కడున్నా విను, విని రా’ అని మూడుసార్లు. సూది పక్కకి వెళ్ళిపోయాక మాస్టారు నావైపు తిరిగాడు.

“ఎవర్నో పిలుస్తోందమ్మా మీ అమ్మాయి. ఆవిడ వినుంటుందంటారా?”

“నాకు తెలీదండీ” అన్నాను.

ఆయనకి చెప్పినా పోయేదేమీ లేదు. అయినా అబద్ధమే వచ్చింది. అలవాటైన నోరు.

నీ ఉత్తరం చివర రెండే వాక్యాలు రాశావు. ‘అమ్మా, చేప ఎప్పుడైనా ఇంటికి వచ్చిందా? ఎక్కడుందో తెలిస్తే రెండో రికార్డు తనకివ్వు.’ నేను నాలుగుసార్లు చింపింది ఈ రెండు వాక్యాల దగ్గరే.

చిన్నీ, కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నువ్వు చేప అని పిలిచే ఆ ఈతపిల్ల వచ్చింది. పన్నెండేళ్ళ కిందట, నువ్వు పాటల పోటీకని పొరుగూరు వెళ్ళిన వారంలో వచ్చింది. కొలనులో పిల్లలకి ఈత నేర్పి తిన్నగా వచ్చినట్టుంది, జుట్టు తడిగా ఉంది, మెట్ల పొడుగునా నీళ్ళు కారాయి. “పిన్నిగారూ, ఎప్పుడొస్తుంది?” అని నవ్వుతూ అడిగింది. నేను లోపలికి రమ్మనలేదు. నీకు సంబంధం కుదిరిందనీ, ఇక రావద్దని నువ్వే చెప్పమన్నావనీ అన్నాను. ఆ అమ్మాయి నవ్వు వెంటనే పోలేదు. మాట అర్థమయ్యేదాకా మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఇప్పటికీ చూస్తుంటాను.

నువ్వు వచ్చాక నీకేం చెప్పానో నీకు గుర్తుండే ఉంటుంది. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందట, వెళ్ళిపోయింది, వెతకొద్దంది. నువ్వు స్నానాలగదిలో కుళాయి తిప్పి గంటసేపు బయటికి రాలేదు. నేను తలుపు అవతల నిలబడి, నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత అదే సర్దుకుంటుంది అనుకున్నాను. నలుగురూ ఏమంటారోనన్న భయం అప్పుడు నాకు నీకంటే పెద్దదిగా కనిపించింది. ఆ తర్వాత కంపెనీ వచ్చింది, నీకు పేరొచ్చింది. మంచే చేశాననుకున్నాను.

ఇంతవరకే అయితే ఈ ఉత్తరం మొదటిరోజే రాసేదాన్ని.

రెండేళ్ళ కిందట ఆరో వార్డుకి దుప్పట్ల బండి తోసుకువెళ్ళాను. కిటికీ పక్క మంచం మీద ఉన్న మనిషి “పిన్నిగారూ” అని పిలిచింది. ఆ పిలుపుతోనే పోల్చుకున్నాను, మొహంతో కాదు. ఆ భుజాలు ఎలా ఉండేవో నీకు తెలుసు, నువ్వే పాడావు. దుప్పటి కింద ఏమీ లేనట్టుంది. రక్తానికి సంబంధించిన జబ్బట. ఇంకెక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదని డాక్టర్లు చెప్పేశారు.

నన్ను ఒక్క మాట అనలేదు. “దానికి పెళ్ళి కాలేదు కదూ? రేడియోలో ముఖాముఖీ విన్నాను” అంది. తల ఊపాను. “నేనిక్కడున్నానని చెప్తారా? ఒక్కసారి చూస్తే చాలు.”

“చెప్తానమ్మా” అన్నాను.

పందొమ్మిది రోజులు ఉంది చిన్నీ. ఆ పందొమ్మిది రోజుల్లో నీతో ఫోన్లో నేను ఆరుసార్లు మాట్లాడాను. దగ్గు తగ్గిందా అని అడిగాను, కొత్త ఇంట్లో గాలి వస్తోందా అని అడిగాను. చెప్పలేదు. మీరిద్దరూ ఎదురుపడితే రెండు నిమిషాల్లో నా అబద్ధం రెండు ముక్కలూ అతుక్కుంటాయి. నువ్వు నా మొహం చూడవు. అందుకని ఆ అమ్మాయికి రోజుకో మాట చెప్పాను. కబురు పెట్టాను. ఊళ్ళు తిరుగుతోంది. ఆదివారం వస్తానంది. ఆ ఆదివారం తల దువ్వమంది. దువ్వాను. దువ్వెనకి జుట్టంతా వచ్చేస్తుంటే కనపడకుండా గుప్పిట్లో దాచాను.

పొద్దున్న డ్యూటీ కాబట్టి రోజూ అందరికంటే ముందు ఆ మంచం దుప్పటే మార్చేదాన్ని. మెత్తగా నలిగినవి ఏరి పెట్టేదాన్ని. చేతనైన మంచి ఒకటి చేస్తూ, చేయాల్సింది ఎగ్గొట్టాను.

చివరిరోజు పొద్దున్న, దుప్పటి మార్చి అంచులు పరుపు కింద దోపుతున్నాను. “మీరు దానికి చెప్పలేదు కదూ” అంది. మెల్లగా అడిగింది, గొడవపడే మనిషిలా కాదు. “నేనడిగినప్పుడల్లా మీరు దుప్పటి మడతలే చూస్తారు పిన్నిగారూ.”

దోపిన అంచునే మళ్ళీ దోపాను.

“పోనీలెండి. ఎప్పుడో చెప్పాల్సొస్తుంది మీకు. అప్పుడు ఇది కూడా చెప్పండి. పాటలో ఇంకా భయపడుతూ ఊపిరి తీసుకుంటోంది. ఎవరో చూస్తున్నట్టు. నీళ్ళలో నా పక్కన తీసుకున్నట్టు తీసుకోమనండి.”

నేను బండి తోసుకుని ఏడో వార్డుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి పోయింది. ఆ దుప్పటి నేనే తీశాను, నేనే ఉతికాను.

అప్పుడు కూడా చెప్పలేదు. పోయాక చెప్పి ఏం లాభం అనుకున్నాను. చెప్పకపోతే లాభం నాకే.

ఆనాటి నుంచి ఎలా ఉన్నానో రాయడం నీ జాలి కోసం కాదు, అడిగావు కాబట్టి. నేను ఉతికే బట్టలకి బ్లీచింగు వాసన. ఈతకొలనుకీ అదే వాసన. ఆ అమ్మాయి మన గుమ్మంలో నిలబడినప్పుడు వచ్చిన వాసన రెండేళ్ళుగా నా చేతులకే ఉంది. ఏ సబ్బుకీ పోదు. అన్నం కలుపుకుంటే వస్తుంది. కిటికీ పక్క మంచం మీద ఎవరు పడుకున్నా, దగ్గరికి వెళ్ళేదాకా వాళ్ళు ఆ అమ్మాయే. ఒకసారి ఎవరో ముసలావిడ నీళ్ళడిగితే “ఆదివారం వస్తుందమ్మా” అనేశాను. మన మెట్లు పొడిగా ఉన్నా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కుతున్నాను. నా పక్కన ఎవరూ లేరని తెలుసు. తెలిసినా గోడవైపు జరిగి దారిస్తాను.

నీ రికార్డు విన్నాక ఇక పడలేకపోయాను. వార్డు నర్సుని బతిమాలి ఆ అమ్మాయి అక్క చిరునామా తీసుకున్నాను. ఆవిడ బేకరీలో పని చేస్తుంది, గురువారం సెలవు. నిన్న వెళ్ళాను. తలుపు తీసి నన్ను పోల్చుకుంది.

“మీరు దుప్పట్ల పిన్నిగారు కదూ! రండి రండి. మా చెల్లి మీ గురించే చెప్పేది, కన్నతల్లిలా చూశారని. నేను పని దిగి సాయంత్రం వచ్చేసరికి మీరు వెళ్ళిపోయేవారు, దణ్ణం పెట్టుకుందామన్నా కుదర్లేదు” అని నా రెండు చేతులూ పట్టుకుంది.

కాఫీ పెడతానంది. వద్దని, నిలబడే అంతా చెప్పాను. మెట్ల మీద చెప్పిన అబద్ధం, నీకు చెప్పిన అబద్ధం, పందొమ్మిది రోజులు. ఆవిడ నా చేతులు ఎప్పుడు వదిలిందో నాకు తెలియదు. రికార్డు ఇచ్చాను. అట్ట మీది చేతిని చాలాసేపు చూసింది. ఆ చెయ్యి ఎవరిదో నువ్వు చెప్పలేదు, కానీ ఆవిడ దాన్ని వేలితో తడిమింది.

“ఈ పాటలు పాడింది మీకేమవుతుంది?” అని తెలిసే అడిగింది, నా నోటితో చెప్పించాలని.

“నా కూతురు. మీ చెల్లెల్ని ప్రేమించింది. ఇంకా ప్రేమిస్తోంది” అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. పన్నెండేళ్ళు పట్టింది.

“మీరిక వెళ్ళండి” అంది. తలుపు వేసేసింది. సగం మెట్లు దిగాక మళ్ళీ తెరిచిన చప్పుడైంది.

“ఆ అమ్మాయిని రమ్మనండి. చెల్లి సామాన్లు ఏవీ పారెయ్యలేదు. మీరు మాత్రం రాకండి.”

సరేనన్నాను. న్యాయమే.

క్షమించమని రాయను. అడిగితే ఇవ్వాలా వద్దా అన్న బరువు మళ్ళీ నీ మీదే పడుతుంది. ఫోన్ చేసి తిట్టాలనిపిస్తే ఎత్తుతాను. చెయ్యకపోతే ఎందుకని అడగను. నీ పాటల గురించి మా ఇస్త్రీ ఆవిడ అడిగితే ఇక నిజమే చెబుతాను. నీకు వద్దనిపిస్తే మాత్రం చెప్పను. ఇకనుంచి నీ సంగతులు ఎవరికి చెప్పాలో నిర్ణయించేది నువ్వు.

వాళ్ళక్క చిరునామా కవరు వెనక పెద్ద అక్షరాలతో రాశాను. గురువారం వెళ్ళు. రెండో అంతస్తు, ఎడమవైపు. బెల్లు పనిచేయదు, తలుపు తట్టాలి. తీయడం ఆలస్యమైతే వెనక్కి వెళ్ళిపోకు. ఆవిడ కాళ్ళనొప్పులతో మెల్లగా వస్తుంది.

ఇట్లు,
నీకు నిజం ఆలస్యంగా రాసిన
అమ్మ