పెళ్లివంట చార్టు

కామాఠిపురా, పదో గల్లీ, ముంబై

చిరంజీవి శిరీషకు అమ్మ ఆశీస్సులు.

వెంకన్న దయవల్ల ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాలి నొప్పి తగ్గింది. ఫోన్ చేస్తే నా మాట సగంలో ఉండగానే నీకు మీటింగు వస్తుంది, అందుకే రాస్తున్నాను.

మా ఆడవాళ్లం కలిసి ఒప్పుకునే వంటపనికి నువ్వు పంపిన చార్టు ఎలా నడుస్తోందని అడిగావు. ఏం చెప్పమంటావు? కంపెనీల్లో ఏ పని తర్వాత ఏ పనో గీసిచ్చే ఉద్యోగం నీది, కాదనను. పాతది తీసి కొత్త పనికి సర్దితే సగం శ్రమ తప్పుతుందన్నావు. పెళ్లివంటకు గీసినదానికే పేరు మార్చి దినాల వంటకు పంపావు. లడ్డూల గడిలో గారెలు రాశావు. ఆఖరి గడి మాత్రం అలాగే వదిలేశావు: ‘గిన్నెలు తీసుకునేటప్పుడు, మళ్లీ మమ్మల్నే పిలవమని నవ్వుతూ చెప్పాలి.’

మన చాల్‌లో కింది అంతస్తు దుర్గయ్య మామ భార్య పోయింది. పదోరోజు భోజనాలు మేమే వండాం. కొత్తగా చేరిన మంగళ గిన్నెల కోసం వెళ్లి, గుమ్మంలో నిలబడి ఆ మాట అన్నది, నవ్వుతూనే. చావు జరిగిన ఇంట్లో ‘పోయొస్తాం’ అని కూడా అనం కదమ్మా మనం. మామ చెల్లెలు మల్లవ్వ, “మల్ల పిలువాలంటే ఈ ఇంట్ల ఇంకెవరు పోవాలె బిడ్డా?” అన్నదట.

మాలో పెద్దది పెంటమ్మక్క ఆ సాయంత్రమే మంగళను పనికి రావద్దన్నది.

“కాగితంల బాయిల దుంకుమని ఉంటే దుంకుతవా? ఒక్కసారి అడగొద్దా?”

మంగళ నా వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

అడిగింది, శిరీషా. ఆ ఉదయం నన్నే అడిగింది. “అక్కా, గీ ఆఖరి మాట గూడ అనాల్నా?” అని. నేను జపంలో ఉన్నాను. మధ్యలో మాట్లాడకూడదని, కాగితం వైపైనా చూడకుండా తల ఊపాను. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నిన్ను తిట్టుకుంటూ గడిపాను, అదే సులువు కనుక.

నిన్న అందరి ముందూ చెప్పాను. పెంటమ్మక్క పిండి కలపడం ఆపలేదు.

“తొమ్మిది దినాలు దాని జాగ ఖాళీగ కనపడ్తుంటే నీకు బువ్వ ఎట్ల దిగింది?”



దినాల చార్టు కొత్తగా గీయి. పాతది ముందు పెట్టుకోకు. మంగళను అడిగి గీయి.

పొద్దున నాగ్‌పాడాలో ఆమె గదికి వెళ్లి, పనికి రమ్మని పిలిచాను. తలుపు సగమే తీసింది.

“వస్త అక్కా. గని నువ్వు నా పక్కకు కూసోకు.”

వచ్చింది. నేను గోడవైపు కూర్చుని ఉల్లిగడ్డలు కోశాను.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా పూర్తిగా పోని
అమ్మ