పాలపిట్ట కనిపించుట లేదు

మేడ్చల్,
13 ఆగస్టు 2007

మహాకవి వీరయ్య గారికి,

మేడ్చల్ నుంచి గోపాలరావు సంతాపపూర్వకంగా రాయునది.

నిన్న పొద్దున కాఫీ తాగుతూ మన 'తంగేడు' వెబ్ పత్రిక తెరిచాను. మీ కవితలు లేవు. పేరు లేదు. కింద బారులు తీరే పొగడ్తలూ లేవు. 'ఎండిన బోరు' ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ ఉంది. మీ రచనల్లో నాకు నచ్చిన మొదటిది ఆ ఖాళీయే.

సంపాదకుడికి ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చింది. జీవితమంతా కాలేజీలో ప్రబంధాలు చెప్పినవాడి సీసపద్యానికి ఒకే ఒక్క వ్యాఖ్య, శామీర్‌పేటలో ప్లాట్లు అమ్ముకునేవాడి బోరుబావికి అరవయ్యా? ఒకరి రచనల కింద ఒకరు రాయకూడదని ఆయన మనిద్దరికీ కట్టడి పెట్టాడు గనక ఇలా పోస్టులో చెప్పుకోవలసి వస్తోంది.

నా ప్రతి పద్యానికీ ఆ ఒక్క వ్యాఖ్య రాసేది పాలపిట్ట. ఎవరో మహా ఇల్లాలు. 'మీ సీసం చదువుతూ పొయ్యి మీద పాలు మరిచిపోయాను' అని రాసింది. నా పద్యాలు పుస్తకంగా వేస్తున్నాను. ముందుమాట ఆమెదే. ఆమెను అడగడమే తరువాయి.

మీ దుఃఖంలో పాలు పంచుకోని,
గోపాలరావు

తా.క. నా పేజీ ఇంకా చూసుకోలేదు. మీ ఖాళీని చూస్తూనే కడుపు నిండిపోయింది.


శామీర్‌పేట,
17 ఆగస్టు

గోపాల్రావు సారుకు వీరయ్య దండం పెట్టి రాసేది.

సారూ, మీ ఉత్తరం జూసి మస్తు పరేషానైన. జల్దీ కంప్యూటర్ తెరిస్తే నా కవితలు ఎక్కడియి అక్కడనే ఉన్నయ్. మనసాగక అల్వాల్ పోయి నెట్ సెంటర్ల గూడ జూసిన. ఉన్నయ్. లాల్‌గడి మలక్‌పేట్ల మా బామ్మర్దికి ఫోన్ జేసి తెరిపిచ్చిన. "ఉన్నవ్ బావా. నువ్వు ఉంటేంది, లేకుంటేంది?" అన్నడు. వాడెప్పుడూ గంతే.

మీకెందుకు కనిపిస్తలేవో నాకైతే సమజ్ కాలేదు. శుక్లాలేమో సారూ. కంటి డాక్టరుకు సూపిచ్చుకోండ్రి.

మీ మంచి కోరే
వీరయ్య

తా.క. అరవై కాదు సారూ, అరవై రెండైనయ్. ముందుమాటకు గా పాలపిట్టే కావాల్నా? జర ఆలోచన జెయ్యుండ్రి.


మేడ్చల్,
20 ఆగస్టు

వీరయ్యా,

(పేరు పక్కన 'గారు' మానేశాను, గమనించగలరు.)

కళ్ళజోడు తుడుచుకుని నా పేజీ తెరిచాను. నా పద్యాలు ఉన్నాయి. వాటి కింద పాలపిట్ట లేదు! రెండేళ్ళుగా ఆమె రాసినదంతా తుడిచిపెట్టుకుపోయింది. ఇది మీ పనే. పొలం హద్దురాళ్ళు జరిపే చేతులకు ఒక ఇల్లాలి పేరు చెరపడం ఎంతసేపు?

పైగా మీ కవితలు మీకు కనిపిస్తున్నాయట! మేడ్చల్‌కు ఒక పత్రిక, శామీర్‌పేటకు ఇంకో పత్రిక వేస్తారా? ప్రచురించాక పేజీ ఎవరు చూసినా ఒకటే. ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నారు?

ముందుమాట లేకుండా నా పుస్తకం రాదు. ఆ ఒక్క మనిషి చదువుతుందనే ఈ వయసులో ఇంకా రాస్తున్నాను. ఆమెను తిరిగి తెప్పించండి. లేకపోతే పోలీసులకు ఫిర్యాదు చేస్తాను.

ఇకపై మీకేమీ కాని,
గోపాలరావు

తా.క. పోలీసులు ఆమె అసలు పేరు అడుగుతారని మా ఆవిడ లలితకుమారి అంది. తెలియదన్నాను. "తెలియకుండానే ఇంత ఏడుపా? తెలిస్తే ఏమయ్యేవారో" అని వంటింట్లోకి వెళ్ళింది. మజ్జిగ రాలేదు.


శామీర్‌పేట,
24 ఆగస్టు

సారూ,

పోలీసులొద్దు. నిన్న మీ ఇంటికొచ్చిన. మీరు బ్యాంకుకు పోయిన్రట. మీ కోడలు సాయిప్రియ కంప్యూటర్ల కొలువు జేస్తది గదా అని ఆ బిడ్డనే అడిగిన, "మీ మామ తెర మీద నేనెందుకు లేను?" అని.

"తిట్టకండి అంకుల్, నేనే దాచాను" అన్నది. "మీ కవిత చూసిన రోజల్లా మామయ్యగారికి బీపీ పెరుగుతోంది. అందుకని ఆయన ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లో గ్రీజ్‌మంకీ అని, పేజీని మనకు కావలసినట్టు మార్చి చూపించేది ఒకటి వేసి, దానికి చిన్న స్క్రిప్టు రాశాను. అసలు పత్రిక మారదు. ఆయన కంప్యూటర్లోకి వచ్చాక, అక్కడ మాత్రం మీరు మాయమైపోతారు."

"మరి పాలపిట్ట ఏమైంది బిడ్డా?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు. మీరు పేరు ఒక్కోసారి ఒక్కోలా రాస్తారు కదా, అందుకని మీ సభ్యత్వం నంబరు పట్టుకుని దాచాను. ఆ నంబరుతో ఏ పేరు పెట్టుకుని రాసినా..." అని ఆగింది. నా మొఖం దిక్కు జూసింది. "అంకుల్!"

నాకు ఒక్కటే సభ్యత్వం ఉంది సారూ.

కట్టడి పెట్టినంక నా పేరుతోని రాయరాకపాయె. మొదలు మీ తప్పులు పట్టుదామనే సదివిన. ఒక్కటి దొరకలే. నాకు ఛందస్సు రాదు. మీ సీసం జూస్తే కుళ్ళుతోని కడుపు మండుతది. మండినా, బాగుంటే బాగుందని అనకుంట ఉండలేకపోయిన. పాలు నిజంగనే పొంగినయ్. గా గిన్నె మా ఆమె నాతోనే తోమిచ్చింది.

ఇగ మీ ఇష్టం,
వీరయ్య

తా.క. పాలపిట్టకు మీసాలున్నయని వదినకు చెప్పుండ్రి. మజ్జిగొస్తది.


మేడ్చల్,
29 ఆగస్టు

పాలపిట్ట గారికి,
(వీరయ్య గారి ఇల్లు, శామీర్‌పేట)

నమస్కారాలు. మీరు రాసినవన్నీ మళ్ళీ నా తెర మీదికి వచ్చాయి. వరుసగా కూర్చుని చదివాను. నా పద్యాల కంటే వాటి కింద మీరు రాసిన మాటలే బాగున్నాయని తేలింది. ఆ పూట అన్నం సహించలేదు.

వీరయ్య సంగతి నా దగ్గర ఎత్తకండి. ఆ పేరు కనిపిస్తే నాకు ఇప్పటికీ బీపీయే. కోడలు ఆ స్క్రిప్టు తీసేస్తానంది. తీయొద్దన్నాను. దాచడం మాని, ఆ నంబరు మీద ఏ పేరున్నా పాలపిట్ట అనే చూపించమన్నాను. "మామయ్యగారూ, మనిషి ఆయనే కదా" అంది. "నీకు సాహిత్యం తెలియదు, చెప్పింది చెయ్యి" అన్నాను. చేసింది.

కనుక ఇప్పుడు నా ఇంట్లో 'ఎండిన బోరు' రాసింది మీరే. నిన్న మొదటిసారి చివరిదాకా చదివాను. బోరులోంచి నీళ్ళకు బదులు దుమ్ము లేస్తే, ఆ రైతు అలవాటుకొద్దీ దోసిలి పట్టాడే, అక్కడ కళ్ళజోడు తీయవలసి వచ్చింది. గొప్ప కవితండీ. వీరయ్య రాయలేదు గనక మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ముందుమాట త్వరగా పంపండి. పొగడ్త తగ్గించినా సరే, ఆ కడుపుమంట మాత్రం తగ్గించవద్దు. నా వయసువాడికి అంతకంటే సన్మానం ఎవరు చేస్తారు?

మీ అభిమాని,
గోపాలరావు

తా.క. 'ఎండిన బోరు' కింద కొత్తగా గోరింక అనే ఆవిడెవరో నాలుగు పేరాల మెచ్చుకోలు రాసింది. పెద్ద చదువరిలా ఉంది. ఆమె ఎవరని ఆరా తీయవద్దని వీరయ్యకు గట్టిగా చెప్పండి.