నాలుగో ఛానల్లో ఎవరూ లేరు

అక్టోబరు 28, మంగళవారం. ఉదయం.

ఈ రోజు నుంచి నాకంటూ ఒక ఛానల్ ఉంటుంది.

నిన్న గావ్‌మెయ్ బురదతీరంలో జరిగిన అవమానం ఇక జరగదు. సూర్యుడు దిగుతున్నాడు. వెనక గాలిమరలు. పెళ్లికూతురు తెల్లగౌను మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని నీళ్లలో నిలబడింది. నేను కెమెరా నొక్కాను. అవతల పక్క స్టూడియో పాన్ అన్న ఫ్లాష్ కూడా వెలిగింది. ఆయన నొక్కితే నాదీ వెలిగింది. ఇంకో అయిదు స్టూడియోల వాళ్లు నొక్కినా నాదే వెలిగింది. ఊరందరి మాటా విని విని అలిసిపోయి, చివరికి నా ఫ్లాష్ నేను నొక్కినప్పుడు మాత్రం కిమ్మనలేదు. పెళ్లికూతురు చీకట్లో కలిసిపోయింది.

కారణం కనిపెట్టాను. కెమెరా మీదున్న రిమోట్ రేడియోలో "వెలుగు" అంటుంది. ఫ్లాష్ వెలుగుతుంది. అన్నదెవరో దానికి అనవసరం, తన ఛానల్లో వినపడితే చాలు. మా స్టూడియోల వీధిలో సగంమందిమి పెట్టె విప్పిన రోజు నుంచీ ఒకటో ఛానల్లోనే పడి ఉన్నాం.

తీర్మానాలు:
నాకంటూ ఒక ఛానల్.
దాన్ని మార్చను.
ఎవరికీ చెప్పను.

మా స్టూడియో యజమాని ఫాంగ్ అక్క పొద్దున్నే పిలిచింది. "తత్వశాస్త్రం చదివినవాడివి కదా, సూటిగా చెప్తా. ఎనిమిదో తారీఖు జింగ్‌రౌ పెళ్లి ఫొటోలు. మార్కెట్లో చేప ఉండలమ్మే బామ్మగారి మనవరాలు. ఆ బామ్మ బాగుందంటే మార్కెట్ పెళ్లికూతుళ్లంతా మన దగ్గరికే వస్తారు. అప్పుడు నువ్వు ఫొటోగ్రాఫర్‌వి. బాగా రాలేదనుకో, ఐడీ ఫొటోల గది."

ఐడీ ఫొటోల గదికి కిటికీ లేదు. ఒక స్టూలు, ఒక తెల్లగోడ. "చెవులు కనపడాలండీ" అంటూ రిటైరయ్యేదాకా బతకాలి.

నేను వెళ్లను.

అక్టోబరు 29, బుధవారం.

మా రిమోట్లో ఉన్నవి ఎనిమిది ఛానళ్లు. ఎనిమిది పెట్టాను. శుభసంఖ్య. నా కొత్త జీవితం శుభంతో మొదలవ్వాలి.

సాయంత్రం తెలిసింది, వీధిలో మిగతావాళ్లలో చాలామంది శుభంలోనే ఉన్నారని.

అక్టోబరు 30, గురువారం.

ఆరు: పనులు సాఫీగా జరుగుతాయని ముగ్గురున్నారు.
రెండు: జంటలకి మంచిదట. తొక్కిసలాట.
మూడు, అయిదు: మూలమీది పెద్ద స్టూడియో వాళ్లవి. వాళ్లతో మనకెందుకు.
ఏడు: నా ఫ్లాష్‌కి ఏడు వినపడదు. చిన్నప్పుడు ఎక్కడైనా పడిందేమో.

రెండో తీర్మానం తప్పానని ఎవరైనా అనొచ్చు. తప్పలేదు. వెతుక్కోవడం వేరు, మార్చడం వేరు. నాలుగేళ్లు చదివింది ఈ తేడా కోసమే.

అక్టోబరు 31, శుక్రవారం.

ఫ్లాష్ స్టాండుకి ఆకుపచ్చ పొట్లం కట్టాను. కొబ్బరిరుచి మొక్కజొన్న చిరుతిండి, పేరుకి అర్థమే "బుద్ధిగా ఉండు". బ్యాంకుల వాళ్లే కంప్యూటర్లు బుద్ధిగా ఉండాలని పెట్టుకుంటారు, నాకేం నామోషీ? ఆకుపచ్చదే కట్టాను, పసుపుది కడితే యంత్రాలు అలుగుతాయి. గడువు తేదీ కూడా చూశాను.

మొదటి అరగంట ఫ్లాష్ బంగారం.

తర్వాత చూస్తే పొట్లం లేదు. పెళ్లికొడుకు వేళ్లు నాక్కుంటున్నాడు. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు మాస్టారూ. అయినా చిరుతిండిని కట్టేస్తారేంటి, పారిపోతుందా?"

ఆ తర్వాత తీసిన అతని ఫొటోలన్నిట్లోనూ చీకటే. నాకు జాలి కలగలేదు.

నవంబరు 1, శనివారం.

మిగిలింది నాలుగు.

నాలుగంటే ఏమిటో చెప్పుకోవాలా? పలికితే చావులా వినపడే అంకె. ఆసుపత్రి లిఫ్టు మూడు నుంచి అయిదుకి దూకుతుంది. మా అమ్మ నాలుగు బత్తాయిలు కొనదు. అలాంటిది పెళ్లి ఫొటోలకి నాలుగు పెట్టానంటే నన్ను బురదలోనే పాతిపెడతారు.

పెట్టాను.

నాలుగో ఛానల్లో ఎవరూ లేరు. ఎంత ప్రశాంతంగా ఉందో రాయలేను. నొక్కితే వెలిగింది. నొక్కకపోతే ఊరుకుంది. అటు ఆరుగురు ఒకరి ఫ్లాష్ ఒకరు వెలిగించుకుంటూ తిట్టుకుంటున్నారు. నేను మాత్రం కొండమీద సన్యాసిలా చిరునవ్వుతో ఫొటోలు తీసుకున్నాను.

ముందు జాగ్రత్త: రిమోట్ తెర మీద 4 కనపడకుండా దానిమీద 8 అని ఉన్న ఎర్ర స్టిక్కర్ అంటించాను. ఇది మోసం కాదు. అలంకారం.

నవంబరు 3, సోమవారం.

పాన్ అన్నతో గుల్లల ఆమ్లెట్ తిన్నాను. ఆయన స్టూడియో మా స్టూడియో గోడ పక్కదే. పదేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాడు.

"శనివారం నీ ఫ్లాష్ ఒక్కటే చెప్పినమాట విందిరా. ఏ ఛానల్?"

"చెప్పకూడదన్నా."

"అయితే చెప్పకు. నేనేం అడగలేదు."

ఆమ్లెట్ తిన్నాం. ఆయన నిజంగానే అడగలేదు. అడక్కుండా ఎదురుగా కూర్చుని అలా నములుతూ ఉన్నాడు. మనిషన్నవాడు ఎంతసేపు భరించగలడు?

"ఆసుపత్రి లిఫ్టులో ఉండని నంబరు," అన్నాను.

పాన్ అన్న చేతిలో తినే పుల్లలు ఆగిపోయాయి. "మీ అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"నేను ఎవరికీ చెప్పన్లే. నాకూ పిల్లలున్నారు."

మూడో తీర్మానం చెక్కుచెదరలేదని గమనించాలి. నేను నంబరు చెప్పలేదు. లిఫ్టు గురించి మాట్లాడాను.

నవంబరు 6, గురువారం.

నా ఫ్లాష్ మళ్లీ ఊరందరి మాటా వింటోంది.

తీరంలో నడిచి చూశాను. పాన్ అన్న రిమోట్ మీద ఎర్ర స్టిక్కర్, 8. ఆ పక్కాయన దాని మీదా 8. ఆ అవతలాయన దాని మీదా 8. స్టేషనరీ షాపులో ఎర్ర ఎనిమిదులు అయిపోయాయట.

విచిత్రమేమిటంటే ఎవరూ గొడవ పడటం లేదు. గొడవ పడాలంటే ఏ ఛానల్లో ఉన్నామో చెప్పాలి. అందుకని ఫ్లాష్‌లన్నీ ఒకేసారి వెలుగుతుంటే అందరం సముద్రం వైపు చూస్తున్నాం, మెరుపులేమో అన్నట్టు.

ఎల్లుండే జింగ్‌రౌ. ఛానల్ మార్చొచ్చు. కానీ కనిపెట్టినవాణ్ణి నేను. నేనెందుకు మారాలి?

నవంబరు 8, శనివారం.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పంచాంగంలో మంచిరోజు. ఏడు స్టూడియోలూ తీరంలోనే ఉన్నాయి. బామ్మగారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. "చూడు నాయనా, నాకు ఒక్క ఫొటో చాలు. నా మనవరాలు, నేను, మా మధ్యలో సూర్యుడు. సూర్యుడు ఆగడు, నువ్వూ ఆగకు."

నొక్కాను. చీకటి. అప్పటికే ఎవరో నొక్కేశారు. మళ్లీ నొక్కాను. మళ్లీ చీకటి.

సిగ్గు విడిచి అరిచాను. "పాన్ అన్నా, ఎన్నిలో ఉన్నావు?"

"ఎనిమిదిలో. నువ్వు?"

"నేనూ ఎనిమిదే."

"మేమూ ఎనిమిదే," అన్నారు అటువైపు నుంచి నలుగురు.

చివర్లో ఏడో స్టూడియో జియాన్ మాస్టారున్నారు. అరవై దాటిన పెద్దమనిషి. పాపం, ఆయన నిజంగానే ఎనిమిదిలో ఉన్నారు. కొద్దిరోజులుగా ఒక్కరే, హాయిగా. ఆయన కంగారుపడిపోయి లేచారు.

"అయ్యో, ఇంతమంది ఎనిమిదిలో ఉన్నారా? మీకు అడ్డం పడింది నేనన్నమాట. తప్పుకుంటాను బాబూ. నాలుగొక్కటే ఖాళీగా ఉంటుంది కదా, నాలుగులోకి పోతాను. ఈ వయసులో నాకేమవుతుంది?"

ఎవరూ వద్దనలేకపోయాం. మాస్టారు కళ్లు మూసుకుని, దణ్ణం పెట్టుకుని, నాలుగు పెట్టి నొక్కారు.

ఏడు ఫ్లాష్‌లూ వెలిగాయి.

బామ్మగారు చూసింది. నలభై ఏళ్లు చేపలు కోసిన మనిషి. కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చింది. "ఆయన నాలుగన్నాడు. నీది ఎనిమిదన్నావు. మరి నీదెందుకు వెలిగింది?"

"గాలికండీ."

ఆమె చేప పొలుసు తీసినట్టు గోటితో నా స్టిక్కర్ లేపింది. కింద 4. పాన్ అన్న దగ్గరికి నడిచింది. లేపింది. 4. ఆ పక్కాయన దగ్గరికి. 4. పెళ్లికూతుళ్లు వరసగా ఏడుపు మొదలుపెట్టారు.

తర్వాత ఆమె విందులో కుర్చీలు పంచినట్టు ఛానళ్లు పంచింది. "నువ్వు ఒకటి. నువ్వు రెండు. పిల్లలున్నవాడివి నువ్వు, ఆరు తీసుకో. ముసలాయనా, మీరు ఏడు. నా మనవరాలికి ఎనిమిది." పంచినవి అందరి చేతా మార్పించింది. ఒక్కొక్కరి రిమోట్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని సరిచూసింది. పని బ్రహ్మాండంగా జరిగింది.

జరిగేసరికి సూర్యుడు లేడు.

నొక్కాను. నా ఫ్లాష్ ఒక్కటే వెలిగింది. జింగ్‌రౌ, బామ్మగారు, మధ్యలో నల్లటి ఆకాశం. వెలుగు మాత్రం చాలా బాగుంది.

నవంబరు 10, సోమవారం.

ఫాంగ్ అక్క ఫొటో చూసింది. "సూర్యుడేడి?"

"దిగిపోయాడక్కా."

"నువ్వూ దిగు."

ఐడీ ఫొటోల గది కింద అంతస్తులో ఉంది. జింగ్‌రౌ ఫొటోలు మళ్లీ తీస్తారట, వేరే ఎవరో. బామ్మగారు నాకు చేప ఉండల డబ్బా పంపింది. పైన చీటీ: "తిను. చిక్కిపోయావు." కాసేపు అది చూస్తూ కూర్చున్నాను. ఒక్క ఫొటోనే కదా అడిగింది ఆవిడ.

నవంబరు 11, మంగళవారం.

మొదటి కస్టమర్. బ్యాంకు ఉద్యోగి. "చెవులు కనపడాలండీ" అన్నాను. గొంతు బాగానే పలికింది.

ఇంకా నొక్కనేలేదు, ఫ్లాష్ వెలిగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. నొక్కాను. వెలగలేదు. మళ్లీ దానంతటదే వెలిగింది.

"మీ గదిలో ఎవరైనా ఉన్నారా?" అన్నాడాయన, బ్యాగు దగ్గరికి లాక్కుంటూ.

గోడ అవతల నుంచి సన్నగా వినపడింది. "చెవులు కనపడాలండీ."

గోడ కొట్టాను. "పాన్ అన్నా?"

"నన్నూ దింపేశారురా."

"బామ్మగారు నీకు ఆరు ఇచ్చింది కదన్నా?"

"ఆరు కలిసిరాలేదు. ఎనిమిదికి మారాను. నువ్వు?"

నా రిమోట్ చూసుకున్నాను. స్టిక్కర్ లేదు. నిజమైన ఎనిమిది.

సరే. రేపటి నుంచి మళ్లీ మొదలు.

నాకంటూ ఒక ఛానల్.
దాన్ని మార్చను.
ఎవరికీ చెప్పను, పాన్ అన్నకి తప్ప. చెప్పకపోతే అందులోకి రాకూడదని ఆయనకెలా తెలుస్తుంది?